ఐసె ఐసింగా - ఇంటి కప్పున గ్రహమండలం

ఆకాశం అందరి కన్నులకూ కనిపించేదే. దానిని చూడటానికి పన్ను కట్టనక్కరలేదు, ఎవరి అనుమతీ పొందనక్కరలేదు. అయినా మానవ చరిత్రలో ఆకాశాన్ని చదవగలిగినవారు కొద్దిమంది, దానిని చూచి భయపడినవారు కోట్లమంది. గ్రహణం పట్టినా, తోకచుక్క పొడిచినా, నాలుగు గ్రహాలు ఒకచోట చేరినా, ఏ ఉపద్రవం ముంచుకు రానున్నదో అని ప్రజలు తల్లడిల్లిన సందర్భాలు ప్రతి దేశ చరిత్రలోనూ ఉన్నాయి. ఆ భయాన్ని తొలగించటానికి తన విద్యను ప్రజల ముందు నిలిపిన మహనీయులలో హాలండు దేశీయుడైన ఐసె ఐసింగా అగ్రగణ్యుడు. ఆయన ఆచార్యుడు కాడు, ధనికుడు కాడు, ఏ కళాశాల మెట్లూ ఎక్కినవాడు కాడు. ఉన్ని దువ్వి పొట్టపోసుకొన్న సామాన్య శ్రామికుడు. అట్టివాని జీవితాన్ని మా విద్యార్థుల ముందుంచటం సముచితమని మేము భావిస్తున్నాము.

నేడు నక్షత్రశాల అనగానే గుమ్మటం వంటి కప్పు, దానిపై యంత్రం ప్రసరింపజేసే తారకలు, చీకటిలో వినవచ్చే వ్యాఖ్యానం మనకు స్ఫురిస్తాయి. ఇట్టి ప్రక్షేపణ యంత్రాన్ని జర్మనీలోని జైస్ సంస్థ 1923లో తయారుచేసి మ్యూనిక్ నగరంలో ప్రదర్శించింది. మన హైదరాబాదులో నౌబత్ పహాడ్ కొండపై బిర్లా నక్షత్రశాల 1985లో ప్రారంభమైంది. అయితే గ్రహాల నడకను ఒక గదిలో ప్రజల కన్నులకు కట్టించి, దానిని నోటితో వివరించే సత్కార్యానికి ఐసింగా ఇల్లు అంతకు నూట నలభై ఏండ్ల పూర్వమే నిలయమైంది. పనిచేస్తున్న గ్రహమండల యంత్రాలలో ప్రపంచంలోకెల్ల ప్రాచీనమైనది ఆయనదే.

జననం - విద్య

ఐసె ఐసింగా 1744 ఫిబ్రవరి 21వ తేదీన హాలండు ఉత్తర భాగంలోని ఫ్రీస్‌లాండ్ రాష్ట్రంలో, ద్రోన్‌రైప్ అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి ఉన్ని దువ్వే పనివాడు. గొర్రెల బొచ్చును వేడిచేసిన ఇనుప దువ్వెనలతో దువ్వి, పోగులను సాపుచేసి, వడకటానికి అనువుగా సిద్ధపరచటం ఆ వృత్తి. మన ప్రాంతంలో దూది ఏకి జీవనం సాగించిన కుటుంబాలను ఎరిగిన మా పాఠకులకు ఆ శ్రమ ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. చేతులకు విశ్రాంతి లేని పని అది. పగలంతా ఒకే కదలిక, సాయంత్రానికి ఒడలంతా నుసి.

తండ్రి సామాన్యుడైనా గణితమన్నా, యంత్రపు పనులన్నా ఆసక్తి కలవాడు. తరిమెన పనిలో నేర్పరి. కుమారుని తెలివితేటలను ఆయన గుర్తించకపోలేదు. కాని కుటుంబ వృత్తికి చేతులు కావలసివచ్చాయి. అందువల్ల ఉన్నత విద్యకు ద్వారమైన లాటిన్ పాఠశాలకు ఐసె వెళ్ళలేకపోయాడు. లాటిన్ రానివానికి ఆనాడు విశ్వవిద్యాలయ ప్రవేశం లేదు. ద్రోన్‌రైప్‌కు కొద్ది మైళ్ళ దూరంలోనే ఫ్రానెకర్ పట్టణంలో 1585లో స్థాపితమైన విశ్వవిద్యాలయం ఉన్నది. ఆ తలుపులు ఆ బాలునికి తెరుచుకోలేదు.

తలుపులు మూసి ఉన్నవని ఆ బాలుడు వెనుదిరగలేదు. ఫ్రానెకర్‌లోనే గణితం తెలిసిన మరొక వృత్తిపనివాడు ఉండేవాడు. తీరిక దొరికినప్పుడు ఐసె కాలినడకన వెళ్ళి అతనివద్ద యూక్లిడ్ రేఖాగణితాన్ని నేర్చుకొన్నాడు. ఒక శ్రామికుడు మరొక శ్రామికునికి గురువైన ఉదంతమిది. ఇరువది యేండ్లు నిండకముందే ఐసె అంకగణితంపైనా, ఖగోళ శాస్త్రంపైనా పెద్ద పెద్ద చేతివ్రాత గ్రంథాలు సిద్ధం చేశాడు. గ్రహణాలను స్వయంగా గణించగల స్థితికి చేరుకొన్నాడు. 1768లో పీట్యే యాకోబ్స్ అనే యువతిని వివాహమాడి, ఫ్రానెకర్‌లోనే ఇల్లు కొని, తండ్రి నేర్పిన వృత్తినే కొనసాగించాడు.

1774 - భయం వ్యాపించిన సంవత్సరం

ఐసింగా ముప్పది యేండ్ల వయస్సులో ఉండగా ఫ్రీస్‌లాండ్ ప్రజలను ఒక వదంతి కలవరపరచింది. 1774 మే 8వ తేదీ వేకువను బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, వీరితోపాటు చంద్రుడు మేషరాశిలో ఒకచోట చేరి కనిపించనున్నారు. బోజుం గ్రామ మతబోధకుడైన ఏల్కో ఆల్టా పేరు వెల్లడించకుండా ఒక చిన్న పుస్తకం ప్రకటించాడు. ఇన్ని గోళాలు ఒకచోట చేరినందువల్ల వాటి ఆకర్షణకు లోనై భూమి తన కక్ష్యనుండి తొలగి సూర్యునిలో పడిపోవచ్చుననీ, ప్రళయం సంభవించవచ్చుననీ అందులోని సారాంశం. పత్రికల ద్వారా ఆ మాట నలుమూలలా పాకింది. అధికారులు ఆ పుస్తకం అమ్మకాన్ని అడ్డుకొన్నారు. కాని నిషేధంవల్ల భయం చల్లారుతుందా? దాచిన మాటకు బలమెక్కువ. ప్రజల ఆందోళన ఇనుమడించింది.

మే 8వ తేదీ వచ్చింది, గడిచింది. భూమి తన దారిన తాను తిరుగుతూనే ఉన్నది. ఇందులోని రహస్యం చాలా సులభమైనది. బారుగా నాటిన తాటిచెట్లను ఒక కొసన నిలిచి చూచినవానికి అవన్నీ ఒకదానినొకటి ఆనుకొని ఉన్నట్లు తోస్తాయి. నడచి వెళ్ళినవానికే వాటిమధ్య ఎంత ఎడమున్నదో తెలుస్తుంది. గ్రహకూటమి కూడా అట్టిదే. చంద్రుడు మనకు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. గురుడు మనకు ఎంత సమీపించినా 58 కోట్ల కిలోమీటర్లకు ఇవతలికి రాడు. ఆకాశపు తెరపై ప్రక్కప్రక్కన కనిపించినంత మాత్రాన అవి ఒకదానినొకటి తాకుతాయని అనుకోవటం కేవలం దృష్టి భ్రమ.

మన తెలుగునాటి వృద్ధులకు ఈ కథ క్రొత్తగా తోచదు. 1962 ఫిబ్రవరి నెలారంభంలో మకరరాశిలో అష్టగ్రహ కూటమి ఏర్పడినప్పుడు దేశమంతటా ప్రళయ భీతి వ్యాపించింది. యజ్ఞాలు, శాంతులు, ప్రార్థనలు జరిగాయి. ఫిబ్రవరి 5వ తేదీ కూడా ఎప్పటివలెనే అస్తమించింది. తిరిగి 1979లో అమెరికా వారి స్కైలాబ్ కక్ష్యనుండి జారి పడనున్నదని తెలిసినప్పుడు మన పల్లెలలో ఎందరో బ్రతుకుపై ఆశ వదులుకొన్నారనీ, ఉన్నది అమ్ముకొని తిన్నవారు కూడా ఉన్నారనీ పెద్దలు చెప్పగా మేము విన్నాము. ఆ యేడు జూలై 11వ తేదీన దాని శకలాలు హిందూ మహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడ్డాయి. రెండు వందల యేండ్లు గడిచినా, ఖండాలు మారినా, తెలియనితనంలోనుండి పుట్టే భయం ఒక్కటే.

ఏడు సంవత్సరాల దీక్ష

అట్టి సమయంలో తెలిసినవాడు చేయదగిన పని ఏమిటి? భయపడినవారిని మూర్ఖులని ఈసడించటం సులభం. కరపత్రానికి ప్రతిగా మరొక కరపత్రం వ్రాయటం కూడా కష్టం కాదు. ఐసింగా ఈ రెండూ చేయలేదు. గ్రహాలు నిజంగా ఎట్లా సంచరిస్తున్నాయో ప్రతివాడూ తన కన్నులతో చూచి తెలిసికొనగల యంత్రాన్ని నిర్మించ పూనుకొన్నాడు. అందుకు ఆయనకు దొరికిన స్థలం తాను భార్యాబిడ్డలతో నివసించే గది. ఆ గది లోకప్పే ఆయన ఆకాశం. ఏడు సంవత్సరాలలో పూర్తి చేయగలనని అంచనా వేసికొన్నాడు. 1774లో పని ఆరంభించి, 1781లో పూర్తిచేశాడు. పగలు ఉన్ని, రాత్రి గ్రహాలు. ఈ విధంగా ఆయన యౌవనమంతా గడిచింది.

నీలవర్ణం పూసిన ఆ లోకప్పు నడుమ సూర్యుడు వ్రేలాడుతుంటాడు. చుట్టూ చీల్చిన వలయాకారపు సందులలోనుండి బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు, గురుడు, శని చిన్న చిన్న గోళాల రూపంలో క్రిందికి వ్రేలాడుతూ తమ తమ కాలాలను అనుసరించి కదులుతుంటారు. బుధుడు 88 దినాలలో, భూమి ఒక సంవత్సరంలో, గురుడు సుమారు 12 సంవత్సరాలలో, శని 29 సంవత్సరాలకు పైబడిన కాలంలో ప్రదక్షిణ ముగిస్తారు. అనగా గదిలోని గ్రహాలు ఆకాశంలోని గ్రహాలతోపాటే నడుస్తాయి. తొందరపడవు, వెనుకబడవు. వీటికి తోడు వారం, తేదీ, సూర్యోదయాస్తమయాలు, చంద్రకళలు తెలిపే ముఖపలకలు కూడా ఆ గదిలో అమర్చబడి ఉన్నాయి.

దూరాల విషయంలో ఆయన పాటించిన కొలత ఒక్క మిల్లీమీటరుకు పది లక్షల కిలోమీటర్లు. ఆ ప్రకారం సూర్యునికీ భూమికీ నడుమ జానెడు కంటె తక్కువ, అనగా 15 సెంటీమీటర్ల ఎడం మాత్రమే ఉంటుంది. శని దాదాపు మీటరున్నర దూరంలో ఉంటాడు. అదే కొలతతో గోళాలను కూడా చేసి ఉంటే సూర్యుడు ఆవగింజంత, భూమి కంటికి కనిపించనంత అయ్యేవి. కనుక గోళాల పరిమాణంలో ఆయన ఆ కొలతను విడిచిపెట్టాడు. ఆ గదినుండి బయలుదేరి అదే కొలతతో మనకు సమీపమైన మరొక నక్షత్రాన్ని చేరాలంటే సుమారు 40 కిలోమీటర్లు ప్రయాణం చేయాలి. విశ్వం ఎంత విశాలమైనదో, అందులో మన సౌరకుటుంబం ఎంత చిన్న ముంగిలియో గ్రహించటానికి ఇంతకంటె వేరు పాఠం అవసరమా?

యంత్రమంతా లోకప్పుకు పైన, అటకలో ఉన్నది. కొయ్యతో వలయాలు, పళ్ళేలు చేసి, వాటి అంచుల వెంబడి ఇనుప మేకులు దిగగొట్టి, ఆ మేకులనే పండ్లుగా ఉపయోగించాడు. అట్టి చేతిమేకులు పదివేలు పట్టాయి. ఒక్క మేకు తప్పితే ఒక గ్రహం దారి తప్పుతుంది. తండ్రి తన తరిమెన నేర్పుతో కుమారునికి తోడ్పడ్డాడు. ఒకనాడు బడికి పంపలేకపోయిన తండ్రి, కుమారుని మహాకార్యంలో ఈ విధంగా భాగస్వామి అయ్యాడు. ఇన్ని చక్రాలనూ నడిపేది ఒక్క లోలకం, బరువులతో పనిచేసే ఒక్క గడియారం.

ఆ లోలకాన్ని గురించి ఒక ముచ్చట చెబుతారు. తొలుత అనుకొన్న పొడవుతో లోలకం అమర్చితే, అది దంపతులు నిద్రించే అరమంచం లోపలికి దిగి ఊగవలసివచ్చేదట. ఇల్లాలు అందుకు సమ్మతించలేదట. ఐసింగా లోలకాన్ని కురచచేసి, దానికి అనుగుణంగా చక్రాల లెక్కలు మార్చుకొన్నాడట. ఏడు సంవత్సరాలపాటు మేకుల మ్రోతను, అటక దుమ్మును సహించిన ఆ ఇల్లాలికి నిద్రించే చోటునైనా కాపాడుకొనే హక్కు ఉన్నదని మేమంటాము.

యంత్రం పూర్తయిన 1781లోనే, మార్చి 13న, ఇంగ్లండులో విలియం హెర్షెల్ యురేనస్‌ను కనుగొన్నాడు. ఐసింగా కొలత ప్రకారం ఆ గ్రహం సూర్యునికి దాదాపు మూడు మీటర్ల దూరంలో ఉండాలి. గది చాలదు. అందుచేత నేటికీ ఆ లోకప్పున శనియే చివరి గ్రహం. జ్ఞానం పెరుగుతున్నకొద్దీ గోడలు వెనుకకు జరుపుకోవలసిందే అనే సత్యం ఆ గదిలో నిలిచినవానికి తనంత తానే స్ఫురిస్తుంది.

ఇల్లే పాఠశాల

పని ఇంకా ముగియకముందే జనం రాసాగారు. ఫ్రానెకర్ విశ్వవిద్యాలయ ఆచార్యుడైన వాన్ స్విండెన్ ఆ యంత్రాన్ని పరిశీలించి, ఆశ్చర్యచకితుడై, 1780లో దానిని వివరిస్తూ ఒక పుస్తకం ప్రకటించాడు. దానివల్ల ఐసింగా కీర్తి దేశమంతటా వ్యాపించింది. తన విశ్వవిద్యాలయంలో కాలుపెట్టే అర్హత లేని శ్రామికుని ఇంటికి ఆచార్యుడు స్వయంగా వెళ్ళటం, చూచినదానిని లోకానికి చాటటం ఆ ఆచార్యుని ఔదార్యాన్ని తెలుపుతుంది. విద్వత్తును గుర్తించటం కూడా విద్వత్తే.

వచ్చినవారికి ఐసింగా యంత్రాన్ని చూపించి వివరించేవాడు. యంత్రం ఎంత గొప్పదైనా దానికి నోరు లేదు. ఏది భూమి, ఏది గురుడు, అవి ఆకాశంలో ఒకచోట చేరినట్లు ఎందుకు కనిపిస్తాయి అనే ప్రశ్నలకు బదులు చెప్పే మనిషి ప్రక్కన ఉన్నప్పుడే చూచినవాని సంశయం తీరుతుంది. నేటి నక్షత్రశాలలలో జరిగే ప్రసంగాలకు మూలసూత్రం ఇదే. 1784లో ఆయన తన కుమారుల కొరకు యంత్ర నిర్మాణాన్నీ, దానిని నడిపే విధానాన్నీ వివరంగా వ్రాసిపెట్టాడు. తనతోనే ఆ విద్య అంతరించరాదనే ముందుచూపు అందులో కనిపిస్తుంది.

ప్రవాసం - పునరాగమనం

ఆకాశంలోని గ్రహాలకు క్రమం ఉన్నది గాని మానవుల రాజకీయాలకు లేదు. ఆనాడు హాలండులో ప్రజాధికారాన్ని కోరే దేశభక్త పక్షానికీ, పాలకుని పక్షానికీ తీవ్ర సంఘర్షణ జరుగుతుండేది. పట్టణ పాలక సభలో సభ్యుడైన ఐసింగా దేశభక్త పక్షాన నిలిచాడు. 1787లో ప్రష్యా సైన్యం పాలకునికి అండగా ప్రవేశించి ఆ ఉద్యమాన్ని అణచివేసింది. ఐసింగా ఇల్లు, భార్యాబిడ్డలు, ఏడు సంవత్సరాల తపఃఫలం వదలి జర్మనీకి పారిపోవలసివచ్చింది. 1788లో, ఆయన ప్రవాసంలో ఉండగానే, భార్య మరణించింది. తరువాత ఆయన హాలండులోనే మరొక రాష్ట్రానికి చేరి, విస్‌ఫ్లీట్ అనే గ్రామంలో తిరిగి ఉన్ని దువ్వెన పట్టాడు. అక్కడ కూడా నిలువనీడ దక్కలేదు. అధికారులు బంధించి, విచారించి, అయిదు సంవత్సరాలపాటు ఫ్రీస్‌లాండ్‌లో అడుగుపెట్టరాదని శిక్ష విధించారు. విస్‌ఫ్లీట్‌లోనే ఆయన తిరిగి వివాహం చేసికొన్నాడు.

1795లో రాజకీయ పరిస్థితులు తారుమారైన పిమ్మట ఆయనకు స్వస్థలానికి మరలే అవకాశం లభించింది. ఇంటికి వచ్చి, యంత్రాన్ని సరిచేసి, ఆగిన గ్రహాలను తిరిగి నడిపించాడు. వచ్చినవారికి తిరిగి వివరింప నారంభించాడు. తనకు జరిగిన అన్యాయాలను తలచుకొంటూ కూర్చొని ఉంటే ఎవరూ ఆయనను తప్పుపట్టి ఉండరు. ఆయన మాత్రం చేతిపనిలోనే ఊరట పొందాడు.

1811లో నెపోలియన్ పరిపాలనలో ఫ్రానెకర్ విశ్వవిద్యాలయం మూతపడింది. రెండు వందల యేండ్లకు పైగా పండితులకు నిలయమైన ఆ సంస్థ కాలగర్భంలో కలిసిపోయింది. అందులో చోటు దొరకని ఉన్ని పనివాని అటకలోని కొయ్య చక్రాలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. 1818లో హాలండు రాజు మొదటి విల్లెం ఆ ఇంటికి స్వయంగా వచ్చి యంత్రాన్ని దర్శించాడు. పిమ్మట ప్రభుత్వం దానిని కొని, ఐసింగా ఆ ఇంటనే నివసిస్తూ దాని పోషణ చూచుకొనే ఏర్పాటు చేసింది. 1828 ఆగస్టు 27వ తేదీన, ఎనభై నాలుగు యేండ్ల వయస్సులో, ఐసింగా పరమపదించాడు.

నేటికీ నడిచే గ్రహాలు

1859లో ప్రభుత్వం ఆ గృహాన్ని ఫ్రానెకర్ పట్టణానికి అప్పగించింది. యంత్రం పూర్తయిన నాటినుండి నేటివరకు ఆకాశంలోని శని ఎనిమిది సార్లు సూర్యుని చుట్టి వచ్చాడు. లోకప్పున సంవత్సరాలు వ్రాసిన పలకను 22 ఏండ్లకొకసారి మార్చవలసి ఉంటుంది. అధిక సంవత్సరంలో ఫిబ్రవరి 29వ తేదీకి యంత్రాన్ని చేతితో సరిదిద్దాలి. అనగా ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు ఆ బాధ్యత స్వీకరిస్తేనే గ్రహాలు నడుస్తాయి. అట్టివారు ప్రతి తరంలోనూ లభించటమే ఐసింగాకు నిజమైన స్మారక చిహ్నం.

2023 సెప్టెంబరులో సౌదీ అరేబియా రాజధాని రియాద్‌లో సమావేశమైన యునెస్కో సంఘం ఆ ఇంటిని ప్రపంచ వారసత్వ సంపదల పట్టికలో చేర్చింది. అదే యేడు, అంతకు కొద్ది వారాల ముందు, ఆగస్టు 23న మన చంద్రయాన్-3 చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగింది. ఒకప్పుడు గ్రహాలతో చేరి ప్రళయం తెస్తాడేమో అని జనం వణికిన చంద్రునిపైకి నేడు మానవుడు యంత్రాలను మెల్లగా దించుతున్నాడు. రెంటి వెనుకనూ ఉన్నది ఒక్కటే: గ్రహగతులను భయంతో గాక లెక్కతో చూచిన మనస్సు.

నౌబత్ పహాడ్‌పై పూర్వం నగారా మ్రోగించి ఫర్మానాలు ప్రకటించేవారని ప్రతీతి. నేడు అదే కొండపై ఆకాశాన్ని గురించిన ప్రసంగాలు జరుగుతున్నాయి. మా విద్యార్థులు అక్కడికి వెళ్ళి, చూచి, విని రావటం మంచిదే. అయితే అంతటితో పని ముగియదు. మన కళాశాలకు వచ్చేవారిలో ఎందరో తమ ఇంటిలో తొలిసారి డిగ్రీ చదువుతున్నవారు. నేతపని, దర్జీపని, మరమ్మతు పని చేసే తల్లిదండ్రుల బిడ్డలు. ఐసింగాకు తెరుచుకోని తలుపు వారికి తెరుచుకొన్నది. తలుపు తెరుచుకోని మనిషి అంత చేసినప్పుడు, లోపల కూర్చున్నవారిపై బాధ్యత ఎంత ఉండాలి? రేపు ఏ గ్రహణం నాడో, ఏ గ్రహకూటమి నాడో తమ వీధిలోని గర్భవతులు, వృద్ధులు, పసివారు ఏదో వదంతి విని భయపడితే, వారిని చూచి నవ్వక, ఒక నిమ్మకాయనూ దీపాన్నీ చేతబట్టి, గ్రహణమెట్లా కలుగుతుందో వారి వాకిటనే చూపగలిగితే చాలు. ఆ వాకిలే ఒక నక్షత్రశాల అవుతుంది. ఆ విద్యార్థి ఐసింగాకు వారసుడవుతాడు.